ఎర్రర్లు సున్నా, వార్నింగులు సున్నా

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో కిటికీ పక్కనున్న కంప్యూటరులో వార్నింగులు కనబడకుండా చేసింది నేనే. సారు కాదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బాపుకు చెప్పలేదు, పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయికి చెప్పలేదు. ఏ పూట ఏ కూర తిన్నానో కూడా రాసుకునే నా డైరీలో సైతం ఆ రోజు పేజీలో "ఇవాళ కరెంటు రెండుసార్లు పోయింది" అని మాత్రమే ఉంది.

తొంభైల మధ్యలో సంగతి. మాది మెట్‌పల్లి. బాపు బియ్యం మిల్లులో మిషను నడిపేవాడు. డిగ్రీ అయ్యాక జగిత్యాలకు పోయి కంప్యూటరు నేర్చుకుంటానంటే ఆరు నెలలకు ఒప్పుకున్నాడు. ఆరు నెలలు బస్సులో పోయి రావచ్చు, ఏడో నెల నుంచి ఊరు దాటేది లేదు. కోపంగా అన్న మాట కాదు. మిల్లుకు ఏ రోజు గ్రీజు పెట్టాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నాలుగో నెలలో ఇన్‌స్టిట్యూట్ యజమాని మెట్‌పల్లిలో బ్రాంచి తెరుస్తున్నానని, అక్కడ పాఠం చెప్పడానికి మా బ్యాచిలోనే ఒకరిని తీసుకుంటానని చెప్పాడు. మెట్‌పల్లి నుంచి వచ్చేవాళ్లం ముగ్గురం, ఇద్దరు అబ్బాయిలు, నేను. నాకు ఆ ఉద్యోగం కావాలి. బాపు సరేననగలిగిన ఉద్యోగం అదొక్కటే, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది కాబట్టి. అది దొరక్కపోతే ఆరో నెల చివర బస్సు దిగి ఇంట్లో కూర్చోవాలి. అంతే లెక్క.

యజమానికి కింద ఎరువుల దుకాణం, పైన ఇన్‌స్టిట్యూట్. మెట్లెక్కుతుంటే యూరియా, పురుగుల మందు కలిసిన వాసన. పైన తలుపు తీయగానే ఏసీ చలి. చెప్పులు బయటే విప్పాలి. దుమ్ము నుంచి కంప్యూటరుకు వైరసు వస్తుందని యజమాని నమ్మకం. మాకు పాఠం చెప్పే సారు ఆ నమ్మకాన్ని సరిదిద్దలేదు, గది ఊడ్చే పని తగ్గుతుంది కదా అని. ఉన్నవి రెండు కంప్యూటర్లు. మేము ఇరవై రెండు మందిమి. అందుకని ప్రోగ్రామును ముందు రికార్డు పుస్తకంలో చేత్తో రాయాలి, సారు సంతకం పెట్టాలి, ఆ తర్వాత అరగంట కంప్యూటరు ముందు కూర్చోవచ్చు. ఆ అరగంటలో టైపు చేసుకోవాలి, తప్పులు దిద్దుకోవాలి, నడిపించాలి, మధ్యలో కరెంటు పోతే మన ఖర్మ.

మేము నేర్చుకునేది సి భాష. నీలం తెర మీద ప్రోగ్రాము టైపు చేసి కంపైలు చేయమంటే, అంటే మిషను భాషలోకి మార్చమంటే, మధ్యలో చిన్న పెట్టె ఒకటి లేచేది. అందులో రెండు లెక్కలు, ఎర్రర్లు ఇన్ని, వార్నింగులు ఇన్ని. ఎర్రరు ఉంటే కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది. "నువ్వు రాసింది నాకు అర్థం కాలేదు, నేను చేయను" అన్నట్టు. వార్నింగు అట్లా కాదు. ప్రోగ్రాము తయారవుతుంది, నడుస్తుంది కూడా. "నువ్వు చెప్పినట్టే చేస్తాను గానీ, నువ్వు అనుకున్నది నిజంగా ఇదేనా" అని ఒక్క వరుసలో అడిగి ఊరుకుంటుంది. ఇంత సులువుగా ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు మాకు సారు చెప్పింది ఇది:

"ఎర్రర్ అంటె ఆగుతది. వార్నింగ్ అంటె ఆగది. ఆగనిదానికి మీకెందుకు ఫికర్?"

ఎర్రరు వస్తే మాత్రం సారు దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరికి వచ్చిందో వాళ్లు లేచి నిలబడి ఆ ఇంగ్లీషు వాక్యాన్ని గదిలో అందరికీ వినబడేలా చదవాలి. "సెమికోలన్ ఎటువోయిందమ్మా, బస్సుల మర్చినవా?" అని ఆయన అనేవాడు, అందరూ నవ్వేవాళ్లు. ఆయనది చెడ్డ మనసు కాదు. కానీ నా గొంతు నాకే వినబడని రోజులవి. లేచి నిలబడాల్సి వస్తుందేమోనన్న భయంతో రికార్డులో ప్రతి వరుసనూ నాలుగైదుసార్లు చదువుకునేదాన్ని. కంప్యూటరు తిట్టే తిట్లన్నీ డైరీలో రాసుకుని పక్కన తెలుగు అర్థం పెట్టుకున్నాను. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవలల్లో కొత్త మాటలకు అట్లాగే చేసేదాన్ని. నాలుగో నెలకు నాకు ఎర్రర్లు రావడం దాదాపు ఆగిపోయింది. ఇది తెలివి కాదు, సిగ్గు.

ఉద్యోగానికి పరీక్ష ఏమిటంటే, ముగ్గురం తలా ఒక ఆట తయారుచేయాలి. యజమాని స్వయంగా చూస్తాడు. కంప్యూటరు గురించి ఆయనకు తెలిసింది ఆ చిన్న పెట్టె ఒక్కటే. ఒకరోజు సారు వెనకాల నిలబడి చూసి, "గీ రెండు లెక్కలు ఏంది?" అని అడిగాడు. సారు చెప్పాడు. యజమాని గడ్డం గోక్కుని తీర్పు చెప్పేశాడు.

"అయితె రెండూ సున్నలుండాలె. రికార్డుల రాసి నాకు చూపియ్యాలె. గది సున్న, గిది సున్న. సున్న లేనోళ్ల ఆట నేను చూడ."

"సార్, వార్నింగులు ఉన్నా నడుస్తది..."

"నడుస్తె నడుస్తది. సున్న వెట్టుడుకు ఏం రోగం?"

నిజానికి ఆయన మాటలో న్యాయముంది. ఆ సున్నా ఎట్లా వస్తుందో ఆయనకు తెలియదు, అంతే.

ఒక అబ్బాయి అంకె కనుక్కునే ఆట ఎంచుకున్నాడు. ఇంకో అబ్బాయి గోడలకు తగిలి తిరిగొచ్చే బంతి ఆట మొదలుపెట్టాడు. నేను అష్టాచెమ్మ. ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు. ఒక పక్క అరగదీసి తెల్లగా చేసిన నాలుగు చింతగింజలు. ఎన్ని తెల్లవి పైకి పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లవైతే చెమ్మ, నాలుగు గళ్లు. నాలుగూ నల్లవైతే అష్ట, ఎనిమిది గళ్లు. అష్టగానీ చెమ్మగానీ పడితే ఇంకోసారి వేయొచ్చు. బయటి వరుస చుట్టి, లోపలి వరుస చుట్టి, నడిమి గడికి చేరితే కాయ పండినట్టు. ఒకవైపు మనిషి, ఇంకోవైపు కంప్యూటరు. నాలుగేసి కాయలకు బదులు రెండేసి పెట్టాను, ఇద్దరి కాయలకూ మొదలూ దారీ ఒకటే పెట్టాను, అరగంటలో అంతకంటే కుదరదు.

గింజలు వేసే పనికి ఒక ఫంక్షను, అంటే ప్రోగ్రాములో ఆ ఒక్క పని చేసి ఫలితం అందించే ముక్క, రాశాను. నాలుగు గింజల్ని తెర మీద గీసి, తెల్లవి ఎన్నో లెక్కబెట్టి, దానికి సరిపోయే విలువ తీసుకుని ఆ పని ముగిసేది. మూడు రోజుల అరగంటల తర్వాత ఆట నడిచింది. ఎర్రర్లు సున్నా. వార్నింగులు ఒకటి.

'ఈ ఫంక్షను ఒక విలువను తిరిగి ఇవ్వాలి' అని దాని భావం.

నాకు అర్థం కాలేదు. ఇస్తూనే ఉంది కదా! గింజలు మూడు తెల్లగా పడితే కాయ మూడు గళ్లు నడుస్తోంది. రెండు పడితే రెండు. అనుమానం పోక డైరీలో గీతలు గీసుకుంటూ యాభైసార్లు వేసి చూశాను. యాభైకి యాభై సరిగ్గా వచ్చాయి. అడగడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుని సారు బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఆట నడుస్తాందామ్మా?"

"నడుస్తాంది సార్."

"గింజలు సరిగ పడుతున్నయా?"

"పడుతున్నయ్ సార్. కానీ అది ఏదో ఇయ్యాలె అంటాంది..."

"ఇస్తాంది గదా మరి? వదిలెయ్."

"పెద్దసారు సున్న ఉండాలె అన్నరు గదా సార్."

"అగో, గది మీరు చూస్కోవాలె. నాకేం జెప్తవ్?"

వదిలేయాలట, సున్నా ఉండాలట. ఈ రెండింటి మధ్య నేను నిలబడి ఉన్నానని ఆయనకు తోచలేదు. ఆయన చేతిలో రికార్డు పుస్తకాల కట్ట, ఆ పైన ఇంకో కట్ట. ఇంకొక్కమాట అడిగి ఉంటే బహుశా చూసేవాడు. ఆ ఇంకొక్కమాట నా నోట రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బాపు కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను. "బాపూ, మిల్లు నడుస్తనే ఉండి, ఏదన్న కొత్త సప్పుడొస్తె నువ్వు ఆపుతవా?"

"ఆపితె సేటు తిడుతడు."

"ఆపకపోతె?"

"బెల్టు తెగుతది. అప్పుడు కూడ సేటే తిడుతడు." చెంబు కింద పెట్టి ఆలోచించాడు. "సప్పుడు ఇననట్టు ఊకుంట. ఎట్లయిన తిట్లు తప్పయి గద బిడ్డా. నీకెందుకు, మీ కంప్యూటర్ గిట్ల సప్పుడు జేస్తాందా?"

లేదన్నాను.

మర్నాడు నా అరగంటలో కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. రెండోసారి వచ్చేసరికి పన్నెండు నిమిషాలు మిగిలాయి. టైపు చేసేంత సమయం లేదు. నాకు ఒక అలవాటు, చేతికి ఏది దొరికితే అది చదవడం. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదువుతాను. ఆ నీలం తెర పైన వరుసగా ఉన్న మెనూలన్నీ ఒక్కొక్కటే తెరిచి చదువుతూ పోయాను. ఒకచోట దొరికింది. వార్నింగులు అన్నీ చూపించాలా, కొన్ని చూపించాలా, అసలు చూపించవద్దా అని మూడు దారులు. మూడోదాని మీద గుర్తు పెట్టాను. నా ప్రోగ్రామును మళ్లీ కంపైలు చేశాను.

ఎర్రర్లు సున్నా. వార్నింగులు సున్నా.

తప్పు చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు. చిరాకు పోయింది, అంతే. యాభైసార్లు సరిగ్గా పడిన గింజల మీద దానికి ఇంకా అనుమానమేమిటని నా కడుపుమంట. వెంటనే రికార్డులో రెండు సున్నాలు గుండ్రంగా రాశాను, సారు సంతకం పెట్టాడు.

ఆ గుర్తు నా ఒక్కదాని ప్రోగ్రాముకే పరిమితమనుకున్నాను. కాదు. ఆ కంప్యూటరు ముందు ఎవరు కూర్చున్నా అంతే. మర్నాటి నుంచి కిటికీ పక్క కంప్యూటరు కోసం కొట్లాట మొదలైంది. "గది మంచి మిషన్ రా, గీ మిషన్ల అన్నీ తప్పులే వస్తయ్" అని అబ్బాయిలు వంతులు మార్చుకునేవాళ్లు. వారం తిరిగేసరికి బ్యాచి మొత్తం రికార్డుల్లో సున్నాలే. "ఈ బ్యాచ్ బాగ తయారైంది సార్" అని మా సారు యజమానితో అంటుంటే విన్నాను. తల వంచుకుని నా రికార్డుకు అట్ట వేసుకున్నాను.

ఆటలు చూసే రోజుకు ముందురోజు సారు నా ఆటను ఒకసారి చూసి, "మంచిగున్నది గాని, గింజలు పడంగనె ఏదన్న మాట రావాలె. రేపు పెద్దసారు వాళ్ల అవ్వ వస్తది. ఆమెకు తెలువాలె గదా" అన్నాడు. యజమాని తల్లికి డెబ్బై దాటి ఉంటాయి. ఆమెకు అర్థమైతే ఊళ్లో అందరికీ అర్థమైనట్టేనని, ఆట ఆమె చేతనే ఆడించాలని యజమాని నిర్ణయం. నాకు మిగిలింది ఐదు నిమిషాలు. గింజలు వేసే ఫంక్షను చివర, ఇంగ్లీషు అక్షరాల్లో 'పడింది' అని చూపించే ఒక వరుస చేర్చాను. కంపైలు చేశాను. రెండు సున్నాలు. నడిపి చూద్దామనేలోపు వెనక అబ్బాయి కుర్చీ పట్టుకుని లాగాడు. "టైమైంది, లే."

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆమె వచ్చింది. మెట్ల మీద మూడుచోట్ల ఆగి, తలుపు దగ్గర చెప్పులు విప్పనని గొడవపెట్టి, చివరికి విప్పి లోపలికొచ్చి, "గింత సలేందిరా, శవాన్ని పెట్టినట్టు" అంది. ఏసీ ఆపారు. ముందు అబ్బాయిల ఆటలు. అంకె కనుక్కునే ఆట ఆమెకు నచ్చలేదు. "దానికి ఎరుకైన అంకె నన్నెందుకడుగుతది?" బంతి ఆట చూస్తే తల తిరిగిందట. మూడోది నాది. గళ్లు చూడగానే కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అష్టచెమ్మ! ఎవలు జేసిండ్రు?"

సారు నన్ను చూపించాడు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం నొక్కాలె పిల్లా?" అని అడిగింది. చూపించాను. ఆమె నొక్కింది. తెర మీద రెండు తెల్ల గింజలు, రెండు నల్ల గింజలు పడ్డాయి. కింద 'పడింది' అని వచ్చింది. కాయ ఎనిమిది గళ్లు నడిచింది.

నేను తెర మీద గింజలు మళ్లీ లెక్కపెట్టాను.

"రెండే గద పడ్డయ్?" అంది ఆమె. ఆట మళ్లీ ఆమెనే వేయమంది, ఎనిమిదంటే అష్ట కాబట్టి. నొక్కింది. మూడు తెల్లవి. ఎనిమిది గళ్లు. మళ్లీ ఆమెదే వంతు. ఒక్కటే తెల్లది. ఎనిమిది గళ్లు. మూడుసార్లకు సరిగ్గా ఇరవై నాలుగు గళ్లు, కాయ నడిమి గడిలో పండింది. కంప్యూటరు ఇంకా ఒక్కసారి కూడా వేయలేదు. ఆ గదిలో ఇరవై మందికి పైగా ఉన్నాం. అందరమూ చిన్నప్పటి నుంచి ఈ ఆట ఆడినవాళ్లమే. ఒక్కరూ నోరు తెరవలేదు. యజమాని తల్లి గెలుస్తుంటే ఆ గెలుపు తప్పని చెప్పేదెవరు? పైగా యజమాని ఒకటే చప్పట్లు.

"అగో, పండింది! అవ్వా, దబ్బున రెండోది గూడ పండియ్యి!"

ఇంకో మూడు నొక్కుళ్లు. రెండో కాయ కూడా పండింది. ఆట ముగిసింది. యజమాని మురిసిపోయాడు. "పిల్ల మంచిగ జేసింది. అవ్వ ఆడె ఆట జేసింది. మెట్‌పల్లికి గీ పిల్లనే పంపుదాం" అన్నాడు సారుతో. నాకు కావలసిన మాట అదే. ఆ మాట కోసమే నెలన్నరగా అన్నం సయించలేదు. అది వినగానే నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

ముసలామె కుర్చీలోంచి లేవలేదు. తెర వైపే చూస్తోంది.

"ఎట్ల పంపుతవ్?" అంది కొడుకుతో. "నన్ను గెలిపిచ్చిండ్రు. ఒక్కటి పడ్డ ఎనిమిది నడిపిచ్చిండ్రు. ముసల్దానికి కండ్లు కనవడయనుకున్నరా? కొలువు కోసం నీ తల్లికి దొంగాట పెట్టిండ్రురా, నువ్వు సప్పట్లు కొడ్తున్నవ్."

"అది కాదవ్వా..."

"నువ్వాగు. నేనెన్నడన్న ఒకలు గెలిపిస్తె గెలిసిన్నా?" అని నా వైపు తిరిగింది. "పిల్లా, సక్కటి ఆట జేసి తే. వచ్చే శుక్రవారం మల్ల వస్త. నేను సక్కగ ఓడిపోవాలె. నేను ఓడెదాంక నీకు కొలువు లేదు, పో."

దొంగాట కాదని చెప్పాలి. నేను కావాలని చేయలేదని చెప్పాలి. ఆమె చెప్పులు తొడుక్కుని దిగిపోయింది.

సారు అప్పటికప్పుడు నా ప్రోగ్రాము ముందు కూర్చున్నాడు. గింజల ఫంక్షను దగ్గర ఆగి నుదురు కొట్టుకున్నాడు. ఫంక్షను విలువ తీసుకుంటోంది గానీ దాన్ని తిరిగి ఇవ్వమని నేను రాయనేలేదు. రాయకపోతే అది ఊరికే ఉండదు, చివరగా దాని చేతిలో ఏ అంకె ఉంటే అదే ఇచ్చేస్తుంది. ఇంతకుముందు చివరగా చేతిలో ఉన్నది గింజల విలువే, అందుకని యాభైసార్లూ సరిగ్గా వచ్చింది. నిన్న 'పడింది' అని రాయించాక చివరగా చేతిలో మిగిలింది, ఎన్ని అక్షరాలు రాశానన్న లెక్క. ఇంగ్లీషులో ఏడు అక్షరాలు, కింది వరుసకు దిగమనే గుర్తు ఒకటి. ఎనిమిది. ఎవరు వేసినా, ఏ గింజలు పడినా, ఎనిమిదే.

"కానీ గిది వార్నింగ్ ఇయ్యాలె గదా?" అన్నాడు సారు. మళ్లీ కంపైలు చేశాడు. సున్నా. ఇంకోసారి. సున్నా. అప్పుడు మెనూ తెరిచాడు. నేను వెనకాలే ఉన్నాను. గుర్తు ఉన్నచోట ఆయన వేలు ఆగింది.

"ఎవలు బంద్ జేసిండ్రు గిది?" అని యజమాని అరిచాడు. అర్థం కాకపోయినా ఏదో బంద్ అయిందని మాత్రం తెలిసింది ఆయనకు. "గీ రికార్డులల్ల సున్నలన్నీ గిట్లనే వచ్చినయా? సంతకాలు నీయి గాదూ?"

సారు కుర్చీలోంచి లేచాడు. "నేనే అయ్యుంట సార్. పాత బ్యాచ్ అప్పుడు ఎప్పుడన్న జేసిన్నేమో, యాదికి లే."

ఇరవై రెండు మంది ముందు ఆయనకు పడ్డ తిట్లు నేను ఇక్కడ రాయను. ఎర్రరు వాక్యం చదవడానికి మమ్మల్ని నిలబెట్టిన మనిషి, అదేచోట నిలబడి తల వంచుకున్నాడు. నేనే అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ రోజు డైరీలో 'రేపు చెప్తాను' అని రాశాను. మర్నాడు కూడా అదే రాశాను. పదకొండు రోజులు రాసి, ఆ తర్వాత అది కూడా మానేశాను. ఆయన మీద నాకు కోపం కూడా వచ్చింది. చేయని తప్పును అంత సులువుగా నెత్తినెందుకు వేసుకోవాలి? యాదికి లేదట! నేను చేశానని తెలిసే అన్నాడేమో అని చాలాసార్లు అనుకున్నాను. ఆయన ముఖం చూసి తెలుసుకునేంతసేపు ఆయన ముఖంలోకి నేను ఎన్నడూ చూడలేదు.

వార్నింగులు మళ్లీ కనబడేలా పెట్టగానే గదంతా గగ్గోలు. ఒకరికి పదకొండు, ఒకరికి పంతొమ్మిది. "సార్, మంచి మిషన్ ఖరాబైంది సార్!" అని అరిచారు. నాకు అప్పుడూ ఒక్కటే. ఒకే ఒక్క వరుస చేర్చాను, విలువను తిరిగి ఇవ్వమని. నేను నోరు నొక్కకముందు అది అడిగింది ఆ ఒక్క వరుసే. ఎప్పుడూ ఒకే మాట, ఒకేచోట, గొంతు పెంచకుండా అడిగింది. గొంతు పెంచనందుకే ఎవరమూ వినలేదు. నన్ను కూడా అట్లాగే ఎవరూ వినరని డైరీలో పేజీలకు పేజీలు ఏడ్చుకున్న మనిషిని నేను. ఇది తోచినప్పుడు నా మీద నాకే వెగటు పుట్టింది.

శుక్రవారం ఆమె ముందే వచ్చి కూర్చుంది. ఈసారి చెప్పుల గొడవ లేదు. మొదటి ఆట. ప్రతిసారీ తెర అద్దం మీద వేలు పెట్టి తెల్ల గింజలు లెక్కపెట్టింది, కాయ నడిచిన గళ్లు లెక్కపెట్టింది. సరిపోయాయి. అయితే ఆమే గెలిచింది. నేను కంప్యూటరుకు గింజలు వేయడం నేర్పానే తప్ప, ఏ కాయ నడపాలో ఆలోచించడం నేర్పలేదు. ఎప్పుడూ ముందున్న కాయనే నడిపే మొద్దుది. అరవై ఏళ్లుగా ఆడుతున్న మనిషి ముందు అది ఏపాటి? రెండో ఆట కూడా ఆమే గెలిచింది.

"ఇంకొక్కటే ఆడుత. నడుం వడ్తాంది" అంది. "గిది గూడ నేను గెలిస్తె, పిల్లా, మల్ల నెల జూద్దాం."

మళ్లీ నెలకు నా ఆరు నెలలు అయిపోతాయి. యజమాని ఎటో చూస్తున్నాడు. సారు నా పక్కకు వచ్చి గుసగుసగా, "ఒక్క నిమిషం ఆపుదాం. కంప్యూటర్ గింజలకు ఎనిమిదులు జర ఎక్కువ పడేటట్టు పెట్టు. రెండు అంకెలు మారిస్తె సాలు. వార్నింగ్ గూడ రాదు" అన్నాడు. నా మంచికే అన్నాడు. పైగా నిజమే, అట్లాంటి పనికి ఏ కంపైలరూ వార్నింగు ఇవ్వదు.

"వద్దు సార్!"

అది నా గొంతే. అంత గట్టిగా వస్తుందని నాకు తెలియదు. గదిలో అందరూ తలలు తిప్పారు.

"ఏం వద్దంటాంది?" అని అడిగింది ముసలామె.

"ఏం లేదవ్వా" అన్నాడు సారు. "ఆడు."

మూడో ఆట చాలాసేపు నడిచింది. ఇద్దరికీ ఒక్కో కాయ పండింది. ఆమె రెండో కాయ లోపలి వరుసలో, నడిమి గడికి ఒక్క గడి దూరంలో ఉంది. ఆమెకు ఒకటి పడితే చాలు. రెండు పడింది. రెండు పనికిరాదు. కంప్యూటరు వంతు. నాలుగు తెల్ల గింజలు పడ్డాయి. మొద్దు కాయ నాలుగు గళ్లు నడిచి ఆమె కాయ మీదికి వచ్చి కూర్చుంది. ఆమె కాయ చచ్చి మొదటికి పోయింది. చెమ్మ కాబట్టి కంప్యూటరు మళ్లీ వేసింది. ఒకటి. పండింది.

ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. "నాలుగు తెల్లయి. నాలుగు గళ్లు నడిచింది. ఎనుక ఒకటి. ఒక్కటే నడిచింది." ఇంకోసారి లెక్కపెట్టింది. చివరికి కొడుకు వైపు తిరిగి, "సోమారం నుంచి పిల్లను మెట్‌పల్లి దుక్నంల కూసోమను" అంది. ఇన్‌స్టిట్యూట్ కూడా ఆమెకు దుకాణమే.

లేవబోతూ నా భుజం పట్టుకుంది. మెట్ల దాకా అట్లాగే వచ్చింది. ఆ తర్వాత నేను మెట్‌పల్లిలో ఉండిపోయాను, ఆమె మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదని విన్నాను. మొదటి మెట్టు మీద ఆగి, చెప్పు కాలితో వెతుక్కుంటూ నాతో అంది:

"ఓడితె ఓడిన గని పిల్లా, గా కాయను సంపినప్పుడు ఎదురుంగున్నోళ్లు జర నవ్వాలె. ఉత్తగ సంపి ఊకుంటదేంది? దానికి నవ్వుడు నేర్పియ్."